బియ్యం గుంజిన కాణీ

ఈస్టిండియా కంపెనీవారు వేసిన రాగి కాణీల్లో కొన్నింటికి బియ్యాన్ని తమవైపు గుంజుకొనే శక్తి ఉందని, అలాంటి కాణీ ఒకటి ఎల్.బి.నగర్‌లో మన్సూరాబాద్ రోడ్డు పక్క కాలనీలో, సాంబమూర్తి గారి ఇంట్లో ఉందని, సకల జనుల సమ్మె సాగుతున్న ఆ రోజుల్లో కర్మన్‌ఘాట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అందరూ నమ్మారు. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాడు లేడు. రాష్ట్రం వస్తుందా రాదా అన్న విషయంలో ఒకే బల్ల మీద టీ తాగే ఇద్దరికి కూడా పొత్తు కుదరని ఆ కాలంలో, ఈ ఒక్క సంగతిని మాత్రం ఉద్యమకారులూ, సమైక్యవాదులూ, ఏ వాదమూ పట్టని ఇస్త్రీబండి అతనూ ఒకే నోటితో చెప్పారు.

నమ్మని మనిషి ఒక్కరే ఉన్నారు. కాణీ ఆయనదే.

సాంబమూర్తి గారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. సొంత ఊరు భీమవరం దగ్గర. ఉద్యోగం పేరుతో ఈ వైపు వచ్చి, ఎల్.బి.నగర్ ఇంకా జొన్నచేలుగా ఉన్న కాలంలోనే స్థలం కొనుక్కొని స్థిరపడ్డారు. సర్వీసు మొత్తం ఇతరుల తూకపురాళ్ళలో తప్పులు పట్టడంతోనే గడిచింది. తప్పు పట్టడం ఎంత ముఖ్యమైన పని అయినా, దానివల్ల లోకంలో కొత్తగా పుట్టేది ఏమీ ఉండదన్న చింత ఆయనకు రిటైరైన తరువాత పట్టుకొంది. ఆ చింతకు ఆయన కనిపెట్టుకొన్న మందు, కంపెనీ కాలపు రాగి నాణేలు.

నాణేలు పోగుచేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళకు కావలసింది ఏ సంవత్సరం, ఏ రాజు అన్నదే. సాంబమూర్తి గారికి కావలసింది అచ్చు. ఒకే ఏడాది పడిన కాణీలన్నీ పైకి ఒక్కలాగే ఉంటాయి. కాని వాటిని కొట్టిన ఉక్కు అచ్చులు మనుషులు చేత్తో సరిదిద్దినవి, అరిగినప్పుడల్లా మార్చినవి. ఒక అచ్చులో ఆకు ఎక్కువ పడుతుంది, మరొకదానిలో కాయ తక్కువ పడుతుంది. వరండాలో కుర్చీ వేసుకొని, కంటికి భూతద్దం ఆనించి, ఆకులూ కాయలూ లెక్కపెట్టే ఆ మనిషిని చూసి, వీధిలోవాళ్ళు చాలాకాలం ఆయన ఆయుర్వేద వైద్యుడనుకొన్నారు.

1858 నాటి కాణీ వెనకవైపు రెండు రెమ్మలు దండలా వంగి, పైన ఒకదాన్నొకటి అందుకోబోతూ ఆగిపోతాయి. కొన్ని కాణీల్లో రెండు రెమ్మల కొసలకూ ఒక్కొక్క ఆకే ఉంటుంది. కొన్నింటిలో రెండు కొసలకూ రెండేసి. ఈ రెండు రకాలూ సామాన్యమే, కోఠీ ఫుట్‌పాత్ మీద గుప్పెళ్ళతో దొరికేవే. యాకోబు తెచ్చి ఇచ్చిన కాణీలో మాత్రం ఎడమ రెమ్మ కొసన ఒక ఆకు, కుడి రెమ్మ కొసన రెండు ఆకులు ఉన్నాయి. సాంబమూర్తి గారు దాన్ని మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం భోజనం మానేశారు. భార్య శేషారత్నం గారు జ్వరమేమోనని నుదురు పట్టి చూశారు.

యాకోబు ఆ పక్కసందులో ఉండే స్కూలు వ్యాను డ్రైవరు. నల్లగొండ జిల్లాలో తన ఊళ్ళో చర్చికి పునాది తవ్వుతుంటే మట్టిలో దొరికిన కాణీని, ఈ ముసలాయనకు ఇలాంటివి ఇష్టమని గుర్తుంచుకొని తెచ్చాడు. సమ్మెతో బడులు మూతపడ్డాక వ్యాను ఇంటి ముందు నిలిచిపోయింది, యాకోబు సాంబమూర్తి గారి వరండాలో నిలిచిపోయాడు.

పుణెలో ఉండి కంపెనీ నాణేల అచ్చుల మీద గ్రంథం రాస్తున్న లలితకుమారి గారికి సాంబమూర్తి గారు ఫోన్ చేశారు. ఆవిడ మాట మెత్తన, షరతు కఠినం.

"ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లెలింటికి వస్తున్నానండీ. తీసుకురండి, చూస్తాను. కాని అందాకా కడగొద్దు, తుడవొద్దు, గీకొద్దు. ఆ రెండో ఆకు అచ్చులోనే పుట్టిందా, తరవాత ఎప్పుడో పడ్డ గీతా అన్నది పైపొర చెదరకుండా ఉంటేనే చెప్పగలను. నిజమైతే ఇంతవరకు ఎవరూ నమోదు చెయ్యని రకం."

నమోదు అన్న మాట సాంబమూర్తి గారి చెవిలో ఉండిపోయింది. గ్రంథంలో ఆ రకం పక్కన తన పేరు వేస్తారని కాదు, నిజం నిలబడాలని మాత్రమే తన తాపత్రయం అని ఆయన తనకు తాను రెండుసార్లు చెప్పుకొన్నారు. రెండుసార్లు చెప్పుకోవలసి రావడమే అనుమానాస్పదమని కూడా ఆయనకు తోచకపోలేదు.

వానాకాలం చివరి రోజులు. చెమ్మకు రాగి చిలుము పడుతుందని, కాణీకి ఒక చుక్క నూనె అద్ది, ఎండబెట్టిన బియ్యం గుప్పెడు పోసిన చిన్న డబ్బాలో దాచారు. బియ్యం చెమ్మను పీల్చుకొంటుంది. ఇందులో రహస్యమేమీ లేదు. ఒక ఉదయం మూత తీసి కాణీని పైకెత్తిన క్షణంలోనే కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షురాలు కుసుమకుమారి గారు కరివేపాకు కోసం గుమ్మంలోకి వచ్చారు. కాణీకి అయిదారు గింజలు అంటుకొని ఉన్నాయి.

"అన్నయ్యగారూ, అదేంటండీ, బియ్యం అలా పట్టుకున్నాయి?"

"నూనెమ్మా. నూనె రాస్తే దేనికైనా అంటుకుంటాయి. నీ వేలికి రాసుకుని బియ్యం డబ్బాలో పెట్టు, నీ వేలికీ పట్టుకుంటాయి."

"ఏం బియ్యమండీ అవి?"

"సోనామసూరి."

కుసుమకుమారి గారు ఆలోచిస్తూ వెళ్ళిపోయారు. కరివేపాకు మరిచిపోయారు. సాయంత్రానికి వీధిలో వార్త నిలబడింది: సాంబమూర్తి గారి కాణీ బియ్యాన్ని గుంజుతోంది, అదీ మామూలు బియ్యం కాదు, సోనామసూరి. నూనె సంగతి ఆ వార్తలో ఎక్కడా లేదు. సాంబమూర్తి గారు ఇంటింటికీ వెళ్ళి నూనె అని చెప్పి వచ్చారు. ఇంత శ్రమపడి ఇంటింటికీ వచ్చి కాదంటున్నాడంటే లోపల ఏదో ఉందని ఇంటింటా తేల్చుకొన్నారు.

మరునాటి నుంచి జనం రావడం మొదలైంది. పళ్ళాల్లో బియ్యం, పసుపు, అగరొత్తులు. కాణీ ముందువైపు కంపెనీ చిహ్నానికి అటూ ఇటూ తోకలెత్తి నిలబడ్డ రెండు సింహాలుంటాయి. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మంగళవారం తప్పకుండా వెళ్ళే అరుణమ్మ అనే ఆవిడ డబ్బా మీదికి వంగి, తోక చూసి, చేతులు జోడించింది.

"సింహాలమ్మా అవి" అన్నారు సాంబమూర్తి గారు.

"సింహం జెండా పట్టుకుంటదా సార్? జెండా పట్టేది హనుమంతుడే."

ఆయన మరోసారి వంగి చూశారు. సింహాలు నిజంగానే జెండాలు పట్టుకొని ఉన్నాయి.

"శనివారం పూజ చేయిద్దాం రత్నం గారూ" అంది అరుణమ్మ శేషారత్నం గారితో. "ఇంత నల్లగున్నదేంది, స్వామి మొకం కనపడతలేదు. జర చింతపండు పెట్టి తోముండ్రి."

చింతపండు అన్న మాటకు సాంబమూర్తి గారు డబ్బాకు మూత పెట్టేశారు. నూటయాభై ఏళ్ళ పైపొరను చింతపండు ఒక్క నిమిషంలో ఊడ్చేస్తుంది. నల్లబడిన రాగి వస్తువు కంటబడితే మన ఇళ్ళలో ఆడవాళ్ళ చెయ్యి దానంతట అదే చింతపండు వైపు పోతుందని, ఆ కదలికకు ఆలోచనతో సంబంధం లేదని ఆయనకు తెలుసు. ఆ మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలో నానుతున్న చింతపండు కనిపించింది.

"రత్నం, ఇదేంటి?"

"చారుకండీ."

"ఆదివారం దాకా చారు వద్దు."

"పులుసు?"

"అదీ వద్దు. టమాటా వెయ్యి, నిమ్మకాయ పిండు, ఏదైనా చెయ్యి. ఈ ఇంట్లో చింతపండు ఉండకూడదు."

శేషారత్నం గారు గిన్నె పక్కన పెట్టారు. "పెళ్ళైన కొత్తలో మా ఇంటి తూకపురాళ్ళు కూడా పరీక్ష చేశారు. అప్పుడే తెలుసుకోవలసింది" అని, చింతపండు కుండ తీసి పక్కింట్లో ఇచ్చి వచ్చారు.

సాంబమూర్తి గారి ఇంట్లో చింతపండు కూడా ఉండనివ్వడం లేదట, అది ఆ కాణీకి గిట్టదట అని వీధిలో చెప్పుకొన్నారు. దీన్ని మాత్రం ఆయన ఖండించలేకపోయారు.

యాకోబు రోజూ వచ్చి తమ చర్చివాళ్ళ వార్తలు చెప్పేవాడు.

"మా పాస్టరు గారు దాంట్ల దయ్యం ఉన్నదంటున్నరు సార్. మా ఇంటామె బాలమ్మేమో ప్రార్థన చేయిద్దామంటది. నేనడిగిన, గది మా ఊరి మట్టిలనే పడున్నది కదా, బియ్యం గుంజేదైతే మా తాతలు జొన్న గట్క తాగి పండుకునుడేంది అని."

"మంచి ప్రశ్న వేశావయ్యా. ఏమన్నారు?"

"అప్పుడు మీ తాతలకు ప్రార్థన చేసుడు రాదు కద అన్నరు."

బుధవారం నాడు సంగతి ముదిరింది. చంపాపేటలో రేషను దుకాణం నడిపే దశరథ, ఆ నెల బియ్యం సగం మందికి పోసి, దుకాణం మూశాడు. వరసలో నిలబడ్డవాళ్ళు మిగతా బియ్యం ఏవని అడిగారు. సమ్మె వల్ల లారీ రాలేదని చెబితే సరిపోయేదే. కాని లారీ రావడం అందరూ చూశారు. దశరథ కాసేపు ఆలోచించి, ఎల్.బి.నగర్ వైపు చెయ్యి చూపించాడు.

"బస్తాలు బస్తాల లెక్కనే ఉన్నయ్. ఎత్తిచూస్తే తేలిక. నన్నేం చెయ్యమంటరు? ఆడ గుంజుతున్నరు."

సాంబమూర్తి గారికి ఇది వినగానే కోపం రాలేదు. వృత్తిపరమైన ఒక రకమైన ఆసక్తి కలిగింది. తేలికైన బస్తాలకు ఆయన సర్వీసులో చాలా కారణాలు విన్నారు: ఎలుకలు, ఆవిరి, భూమ్యాకర్షణలో మార్పు. దూరం నుంచి కాణీ లాగడం కొత్త.

జనానికి మాత్రం కోపం వచ్చింది. గురువారం పొద్దున జానయ్య వచ్చాడు. ఆయన ఎల్.బి.నగర్ చౌరస్తాలోని రిలే నిరాహారదీక్ష శిబిరానికి కన్వీనరు. గులాబీ కండువా, పెద్ద గొంతు, పెద్దల దగ్గర మర్యాద తప్పని మనిషి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"పెద్దసారు, మీరంటే మాకు గౌరవం. గాని నీళ్ళు పాయె, కొలువులు పాయె, ఇప్పుడు దొడ్డుబియ్యం సుత గుంజుతె ఎట్ల?"

"బాబూ, రాగికి అయస్కాంతాన్నే పట్టుకునే గుణం లేదు. బియ్యాన్నెలా లాగుతుంది?"

"అది సైన్సు సార్. నేను న్యాయం మాట్లాడుతున్న. కాణీ మా నల్లగొండ మట్టిల దొరికింది. మా ముల్కీ కాణీ అది."

అప్పటికే లోపలికి వచ్చి కూర్చున్న కుసుమకుమారి గారు ఊరుకోలేదు. "అదెలాగండీ? నైజాంలో కంపెనీ కాణీ చెల్లేదే కాదు, ఇక్కడి నాణేలు ఇక్కడ వేరే ఉండేవి. అన్నయ్యగారే చెప్పారు. మరి ఇది మా కోస్తా నుంచి వచ్చిందే కదా."

"వచ్చిందా రాలేదా? వచ్చి నూటయాభై ఏండ్లాయె. ఈడ మట్టిల పండుకుంది. ఇంకా మీదేనా?"

"అయితే మేము ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నాం, మమ్మల్ని సెటిలర్లంటారేం?"

జానయ్య కండువా సర్దుకొన్నాడు. "అంటే గిది సెటిలర్ కాణీ అన్నట్టు" అన్నాడు చివరికి. ఈ మాట ఇద్దరికీ తృప్తినిచ్చినట్టే కనిపించింది. ఆ తృప్తిలోంచే ప్రమాదం పుట్టింది. కాణీ ఇరుపక్షాలదీ అయినప్పుడు పంచుకోవాలి, పంచుకోవాలంటే కొయ్యాలి. సాయంత్రానికల్లా శిబిరం, సంక్షేమ సంఘం చర్చించి ఒప్పందానికి వచ్చాయి. సమ్మె మొదలైనప్పటి నుంచి రెండు వర్గాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అది. అందువల్ల దాన్ని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

సాంబమూర్తి గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, భూతద్దం చేతికిచ్చి వివరించారు. "ఎడమ సగం చూడండి, ఒక ఆకు. అలాంటివి కొల్లలు. కుడి సగం, రెండాకులు. అవీ కొల్లలే. ఈ రెండూ ఒకే కాణీ మీద ఉండడమే వింత. కోశారంటే రెండు పనికిరాని ముక్కలు మిగులుతాయి."

జానయ్య భూతద్దం దించాడు. "కలిసుంటెనే విలువ అంటున్నరా పెద్దసారు?"

"కాణీ సంగతే అంటున్నాను."

"చూశారా, నేను మొదటి నుంచీ అదే కదా చెబుతున్నాను, కలిసుంటేనే" అన్నారు కుసుమకుమారి గారు కళ్ళు మెరుస్తూ.

"కాణీ సంగతేనమ్మా."

"కాణీ సంగతి అయినా, మీ మనసు తెల్వదా సార్ మాకు" అన్నాడు జానయ్య బాధగా. ఆ తరువాత సాంబమూర్తి గారు ఏమి చెప్పినా అది అచ్చుల గురించి కాక, రాష్ట్రాలను విడదీసే ఆర్టికల్ మూడు గురించి అయిపోయింది.

అప్పుడాయన తన జీవితం మొత్తంలో నమ్మిన ఒకే ఒక మార్గాన్ని ఎంచుకొన్నారు.

"పరీక్ష పెడదాం. అందరి ఎదుట. నూనె తీసేస్తాను. కాణీ చుట్టూ బియ్యం పోద్దాం. ఒక్క గింజ కాణీ వైపు కదిలినా మీరు కొయ్యండి, నేను నోరెత్తను. కదలకపోతే నా కాణీని నాకు వదిలెయ్యాలి, మళ్ళీ ఎవరూ ఈ ఊసెత్తకూడదు."

జానయ్య చెయ్యి కలిపాడు. కుసుమకుమారి గారూ సరేనన్నారు. వాళ్ళు వెళ్ళాక యాకోబు తల గోక్కున్నాడు.

"ఎందుకొచ్చిన పరేషాన్ సార్. ఆదివారం దాకా మా బాలమ్మ బైబిల్ల పెట్టి దాస్తుంటి."

"దాస్తే నమ్మకం పెరుగుతుందయ్యా. రాగి బియ్యాన్ని లాగదు. ఇందులో భయపడడానికేముంది?"

శేషారత్నం గారు లోపలి నుంచి అన్నారు. "భయం కాణీ గురించి కాదండీ. జనం గురించి."

శనివారం మధ్యాహ్నం దీక్షా శిబిరంలో పరీక్ష. చౌరస్తాలో టెంటు, తెల్ల దుప్పట్ల మీద ఆ రోజు దీక్షకు కూర్చున్నవాళ్ళు పూలదండలతో ఉన్నారు. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు పళ్ళెంలో బియ్యం పెట్టడం సబబు కాదని ఒకరు అభ్యంతరం చెప్పారు. వండని బియ్యం ఆహారం కిందికి రాదని జానయ్య తీర్పు చెప్పాడు. దీక్షాపరులు ఆ తీర్పును ఆహ్వానించి ముందుకు జరిగి కూర్చున్నారు.

కొయ్యడానికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి నగలు చేసే ఒక అవుసలాయన ఉలి, సుత్తి పట్టుకొని వచ్చాడు. ఆయనకు ఏ వాదమూ లేదు; కొలత ఒక్కటే కావాలి.

"నిలువుకా, అడ్డంకా?"

"నడిమికి" అన్నాడు జానయ్య.

"సమానంగానా? పది జిల్లాలు, పదమూడు జిల్లాలు కదా" అన్నారు కుసుమకుమారి గారు.

"మరి హైదరాబాదు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

 హైదరాబాదును ఉమ్మడిగా ఉంచే మాటైతే నడుమ చిన్న బిళ్ళ చెక్కి విడిగా తియ్యాల్సి వస్తుందని, అది ఎవరి దగ్గర ఉండాలో ముందే చెప్పాలని అవుసలాయన అన్నాడు. దీని మీద చర్చ చాలాసేపు సాగి, తేలక, కేంద్రం నిర్ణయానికి వదిలేశారు.

తరువాత బియ్యం ప్రశ్న. సోనామసూరి తెస్తామని కాలనీవాళ్ళన్నారు. సన్నబియ్యం కాలనీవాళ్ళ మాట వింటుందని, రేషను దొడ్డుబియ్యంతోనే చూడాలని శిబిరంవాళ్ళన్నారు. దశరథ తన దుకాణం నుంచి ఒక సంచీ తెచ్చాడు.

"బియ్యం అయిపోయినయ్ అంటివి గదనే దశరథన్నా?" అన్నాడు జానయ్య.

"ఇవి ఎనుక రూముల, బస్తాల కింద మూలకున్న పాతవి. గుంజుడుకు అందలే" అన్నాడు దశరథ, ఎటో చూస్తూ.

సాంబమూర్తి గారు దూది తీసుకొని, తుడవకుండా, పసిపాప కన్ను అద్దినట్టు కాణీ మీద నూనెను అద్ది తీశారు. స్టీలు పళ్ళెం మధ్యలో కాణీని పెట్టి, చుట్టూ వేలెడు దూరం వదిలి బియ్యపు గింజలు పరిచారు. గాలి తగలకుండా టెంటు గుడ్డలు దించారు. కరెంటు లేక ఫ్యాను ఎలాగూ తిరగడం లేదు. బ్యాటరీ మైకు ఆపేశారు. దీక్షాపరులు, కాలనీవాళ్ళు, అరుణమ్మ, యాకోబు, అవుసలాయన, అందరూ పళ్ళెం మీదికి వంగారు.

ఏమీ జరగలేదు. ఇంకా కాసేపు ఏమీ జరగలేదు. జాతీయ రహదారి మీద ఒక ట్రాక్టరు వెళ్ళిపోయింది. సాంబమూర్తి గారి ఛాతీ లోపల ఒక చిన్న పండుగ మొదలైంది. చెప్పవలసిన నాలుగు మంచి మాటలు వరసగా పేర్చుకొని, గొంతు సవరించుకొన్నారు. రేపు ఈపాటికి కాణీ లలితకుమారి గారి చేతిలో ఉంటుంది.

అప్పుడు ఒక గింజ కదిలింది.

ముందు వణికినట్టు అనిపించింది. తరువాత అది స్పష్టంగా, నిదానంగా, కాణీ వైపు జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది.

 టెంటు దద్దరిల్లింది. జై తెలంగాణ అన్నవాళ్ళు, జై ఆంజనేయ అన్నవాళ్ళు, రెండూ కలిపి అన్నవాళ్ళూ ఉన్నారు. అరుణమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకొంది. దశరథ అందరికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయి, వెంటనే సర్దుకొని, "నేను చెప్పలే?" అన్నాడు.

 గింజ కదలడం సాంబమూర్తి గారూ కళ్ళారా చూశారు. గాలి లేదు, నూనె లేదు, పళ్ళెం వాలుగా లేదు. ఆయన స్వయంగా చూసి పెట్టిన పళ్ళెం. నమ్మకం అంటే ఏమిటో ఆ క్షణంలో ఆయనకు మొదటిసారి ఒంటికి తెలిసింది. అది వాదనలా లేదు.

అవుసలాయన ఉలి చేతిలోకి తీసుకొన్నాడు.

"ఒక్క నిమిషం" అన్నారు సాంబమూర్తి గారు.

జానయ్య మొహం మెత్తబడింది, మాట మాత్రం గట్టిగానే వచ్చింది. "మీరే అన్నరు పెద్దసారు. ఒక్క గింజ కదిలినా అన్నరు."

"అన్నాను. కాదనను. కొయ్యండి. కాని ఆ రెండు కొసలూ కలిసి ఉండగా ఒక్కసారి చూసుకోనివ్వండి."

కుసుమకుమారి గారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నారు. "చూడనియ్యన్నా, పానం లెక్క చూసుకున్నడు" అన్నాడు యాకోబు. జానయ్య తల ఊపాడు.

సాంబమూర్తి గారు పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చొని, భూతద్దం కంటికి ఆనించి, వంగారు. ఎడమ రెమ్మ కొసన ఒక ఆకు. కుడి రెమ్మ కొసన రెండు. రెండో ఆకు కొస వెంట్రుక మందాన, మెలితిరిగి, చెదరకుండా ఉంది. ఆయన దాన్ని చూస్తూ ఉండగా, భూతద్దం అంచులోకి తెల్లగా ఏదో వచ్చింది. ఆ గింజే. కాణీ అంచును తాకింది.  గింజ అక్కడ ఆగలేదు. కాణీ అంచు వెంబడి పక్కకు తిరిగి, దాన్ని దాటి, అవతలివైపు, దశరథ కూర్చున్న దిక్కుగా జరుగుతూ పోయింది.

సాంబమూర్తి గారు భూతద్దాన్ని కాణీ మీద నుంచి గింజ మీదికి జరిపారు. చాలాసేపు చూశారు. తరువాత భూతద్దాన్ని జానయ్యకు అందించారు. జానయ్య చూసి, ఇంకొకసారి చూసి, కుసుమకుమారి గారికి ఇచ్చాడు. ఆవిడ యాకోబుకు ఇచ్చారు. చివరికి అది అవుసలాయన చేతికి వచ్చింది. సన్నని వస్తువులు చూడడం అలవాటైన ఆయన గింజను మునివేళ్ళతో పట్టుకొని, కంటి దగ్గర పెట్టుకొని చూసి, మళ్ళీ పళ్ళెంలో దింపి, ఉలిని సంచీలో వేసుకొన్నాడు.

గింజకు ఒక కొసన గుండ్రటి చిల్లు ఉంది. ఆ చిల్లులోంచి ఒక ముక్కుపురుగు తలా, ముందుకాళ్ళూ బయటపెట్టి, ఇంకా లోపలే ఇరుక్కొన్న వెనకభాగంతో సహా గింజను ఈడ్చుకొంటూ నడుస్తోంది.